నువ్వడగలే కద బిడ్డా

పోయిన వానాకాలం మా అమ్మాయి పడవ అమ్మాను. పడవంటే చేపలు పట్టేదో, మనుషుల్ని అవతలి ఒడ్డుకు చేర్చేదో కాదు. పందేల పడవ. ఆప్టిమిస్ట్ అంటారు. రెండున్నర మీటర్ల పొడవు కూడా ఉండదు. ముందు భాగం మొనదేలకుండా, పెట్టెను అడ్డంగా కోసినట్టు ఉంటుంది. ఒకటే తెరచాప. ఒక్క పిల్లో పిల్లాడో కూర్చుని నడపాలి. 1947లో అమెరికాలోని ఫ్లారిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే దీన్ని గీశాడట. హైదరాబాదులో ట్యాంక్ బండ్ మీదుగా వెళ్తూ హుస్సేన్ సాగర్‌లో చిన్న చిన్న తెరచాపలు వంగుతూ లేస్తూ పోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. వాటిలో ఒకటి ఐదేళ్ల పాటు మాది.

ఈ పడవకొక నియమం ఉంది. పదిహేనేళ్లు నిండే సంవత్సరం దాటితే ఆ పిల్ల దీన్ని పోటీల్లో నడపకూడదు. అందుకని ప్రతి ఆప్టిమిస్టూ ఎప్పుడో ఒకప్పుడు చేతులు మారాల్సిందే, అక్క గౌన్లు చెల్లెలికి వచ్చినట్టు. మా అమ్మాయి తర్వాతి పడవకు మారాలి. లేజర్ అనేవారు, ఇప్పుడు ఇల్కా అంటున్నారు. ఆ ఖర్చుకూ ఇంటర్ ఫీజుకూ ఈ పడవే ఆధారం. ఒంటరిగా పిల్లను పెంచుతున్న జూనియర్ కాలేజీ లెక్చరర్ని, నాకు వేరే దారి లేదు. ఈ మాట ముందే చెబుతున్నాను. తర్వాత చెప్పబోయేది డబ్బు అవసరం లేనివాళ్ల ధర్మసందేహంలా కనబడకూడదని.

పడవకొక లోపం ఉంది. మూడేళ్ల కిందట ఒక పోటీ మొదలయ్యే గీత దగ్గర, అందరూ గుంపుగా తోసుకుంటున్నప్పుడు, వేరే పడవ మూల వచ్చి మా పడవ పక్కను గుద్దింది. తెరచాప గడ కింది కొస ఒక గుంతలో నిలబడుతుంది. ఆ గుంత దగ్గర మొదలైన చీలిక పడవ అడుగు వరకూ పాకింది. ఫైబర్ గ్లాసు గుడ్డ, రెజిన్ వేసి అతికించారు. పైన తెల్లటి జెల్‌కోట్ పూసి, నీళ్లపేపరుతో రుద్ది నున్నగా చేశారు. చేసినాయన మంచి పనివాడు. ఎక్కడ పగిలిందో చూపించమంటే ఇప్పుడు నేనే తడుముకోవాలి. కానీ పడవ బరువెక్కింది. ఖాళీ ఆప్టిమిస్ట్ 35 కిలోలకు తగ్గకూడదని నియమం. మాది అంతకన్నా రెండు కిలోలకు పైనే తూగేది. గాలి గట్టిగా ఉన్నరోజు గడ మొదట్లో కిర్రుమని చప్పుడొచ్చేది. "అమ్మా, అది మాట్లాడుతోంది" అనేది పాప.

కొనడానికి ఫోన్ చేసినావిడ నల్లగొండ జిల్లాలో, సాగర్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో పి.ఇ.టి. పదేళ్ల కూతురు ఉంది. సాగర్ డ్యామ్ వెనక నీళ్లలో తన పిల్లకూ, బడిలో ఇంకో నలుగురు ఆడపిల్లలకూ నేర్పిద్దామని ఆమె ఆశ. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కి చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ వెళ్లిందని, తెరచాప పడవల్లో ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమేనని నాకు ఆవిడే చెప్పింది. నాకు తెలుసని చెప్పలేదు. అంత సంబరంగా చెబుతుంటే ఎలా చెబుతాను? వీడియో కాల్‌లో పడవ చూసుకుంది. చివర్లో ఒక మాటంది.

"మేడమ్, నాకు పడవల సంగతి ఏం తెల్వదు. మీరు తల్లి, మీ బిడ్డ నడిపింది. మీరేం జెప్పకపోతే మంచిగున్నట్టే అనుకుంట."

నేనేం చెప్పలేదు. సాయంత్రానికి పదివేలు అడ్వాన్సు వచ్చింది.

మా తమ్ముడు సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్ముతాడు. వాడికి ఇదొక సమస్యే కాదు. "అక్కా, స్కూటీ అమ్మేటప్పుడు లేడీ డ్రివెన్ అని రాస్తే రెండువేలు ఎక్కువొస్తది. నీది లేడీ డ్రివెన్ పడవ. నువ్వే ఎందుకు తగ్గించుకుంటవ్?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే అందులో చాలా ఉంది. ఆడవాళ్ల మాట ఇంట్లో, పంచాయితీలో, పోలీస్ స్టేషన్లో ఎవరూ నమ్మరు. ఆడవాళ్లు వాడిన బండిని మాత్రం అందరూ నమ్ముతారు. మెల్లగా నడిపి ఉంటుంది, దూరం పోయి ఉండదు, దాచి ఉండదు. మన మీద వేసిన కట్టడులన్నీ చివరికి బండికి రేటు పెంచుతాయన్నమాట.

తమ్ముడు ఇంకో మాట కూడా అన్నాడు. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "సెకండ్ హ్యాండ్ అన్న మాటలనే అన్నీ ఉన్నయ్. కొనెటోడు అనుమానపడే రేటు కడతడు. నువ్వు నిజం చెప్తే ఆ అనుమానానికి ఒకసారి, నిజానికి ఒకసారి, రెండుసార్లు తగ్గించుకున్నట్టు." వాడికి తెలియదు గానీ, పాత కార్ల బజారు గురించి జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో దాదాపు ఇలాంటిదే రాశాడు, తర్వాత నోబెల్ కూడా వచ్చింది. కొనేవాడికి మంచిదేదో చెడ్డదేదో తెలియనప్పుడు అన్నిటికీ ఒకటే అనుమానపు ధర పడుతుంది. మంచి సరుకున్నవాడు బజారు వదిలి పోతాడు. నాది మంచి సరుకు కాదు, అంతే తేడా. తమ్ముడి లెక్క ధర వరకూ సరైనదే. కానీ పడవ సగటున విరగదు. ఒక రోజు, ఒక గాలికి, ఒక పిల్ల కింద విరుగుతుంది. హుస్సేన్ సాగర్‌లో అయితే పక్కనే కోచ్ మరపడవ తిరుగుతుంటుంది. సాగర్ డ్యామ్ వెనక నీళ్లు అలాంటివి కావు. "ఒక చేపల పడవ మాట్లాడుకుంట మేడమ్" అంది ఆవిడ.

సరుకులో లోపం చెప్పాలా వద్దా అనేది కొత్త ప్రశ్నేం కాదు. రెండువేల ఏళ్ల కిందట రోమ్‌లో సిసెరో తన కొడుక్కి ధర్మాల గురించి రాస్తూ ఇదే ఎత్తుకున్నాడు. రోడ్స్ దీవిలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఓడనిండా ధాన్యంతో ఒక వర్తకుడు వచ్చాడు. వెనక ఇంకా ధాన్యపు ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, దీవి జనానికి తెలియదు. చెప్పాలా? చెప్పక్కర్లేదన్నాడు బాబిలోన్ డయోజినస్, చెప్పాలన్నాడు ఆయన శిష్యుడు ఆంటిపేటర్. సిసెరో శిష్యుడి పక్షం. ఈ వాదంలో అమ్మేవాడు మగవాడు, కొనేవాడు మగవాడు, తీర్పు చెప్పేవాడు మగవాడు. ఆకలితో చేట పట్టుకుని రేవులో నిలబడ్డ ఆడమనిషి ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

నాకు మాత్రం వేరే పుస్తకం గుర్తొచ్చింది. భర్త నుంచి విడిపోయాక సాయంకాలపు కాలేజీలో లా చదివాను. మొదటి ఏడాది కాంట్రాక్టు చట్టం. 1872 నాటిది. పదిహేడో సెక్షన్ మోసం అంటే ఏమిటో చెబుతుంది. ఊరికే మాట్లాడకుండా ఉండటం మోసం కాదు, మాట్లాడాల్సిన బాధ్యత ఉంటే తప్ప, లేదా ఆ మౌనమే మాటతో సమానమైతే తప్ప అంటుంది. దాని కింద ఉదాహరణలున్నాయి. ఒకడు వేలంలో గుర్రం అమ్ముతాడు. గుర్రం ఆరోగ్యం బాగాలేదని వాడికి తెలుసు, కొనేవాడికి చెప్పడు. అది మోసం కాదు. రెండో ఉదాహరణలో కొనేది అతని కూతురు, అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల. అప్పుడు మాత్రం, వాళ్లిద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని బట్టి, చెప్పడం తండ్రి బాధ్యత అవుతుంది. మూడోదాంట్లో కొనేవాడు, నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటానంటాడు. అమ్మేవాడు నోరు మెదపడు. ఆ మౌనం మాటతో సమానం.

మూడోది చదివితే సాగర్ ఆవిడ ఫోన్ మాట అక్షరం పొల్లుపోకుండా ఉన్నట్టు లేదూ? చట్టం ప్రకారమే నేను అబద్ధం ఆడాను. ఇంత చదివి, పిల్లలకు పాఠాలు చెప్పి, నోరు మూసుకుని అబద్ధం ఆడాను.

కానీ ఆ రోజుల్లో క్లాసులో నన్ను ఆపేసింది రెండో ఉదాహరణ. ఏ తండ్రి కూతురికి వేలంలో గుర్రం అమ్ముతాడని పక్కన కుర్రాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మన దగ్గర కూతుళ్లు గుర్రాన్ని కొనరు. గుర్రం మీద వచ్చినవాడితో పోతారు. మా నాన్నకు మా ఆయన సంగతి ముందే తెలుసు. అతనికి అంతకు ముందే ఒక పెళ్లయిందని, ఆ పిల్ల నాలుగు నెలలకే పుట్టింటికి తిరిగొచ్చిందని, ఎందుకొచ్చిందో కూడా మధ్యమనిషి చెప్పాడు. పదేళ్ల తర్వాత నేనూ అదే కారణంతో, బిడ్డను చంకనేసుకుని తిరిగొచ్చినప్పుడు ఈ విషయం బయటపడింది. "తెలిసి ఎందుకు చెప్పలేదు నాన్నా?" అనడిగాను. ఆయన చాలాసేపు గోడకేసి చూసి, "నువ్వడగలే కద బిడ్డా" అన్నాడు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు కదా. మా నాన్న ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. చెడ్డవాడు కాదు. నా చదువుకు ఎకరం అమ్మినవాడు. చెబితే వద్దంటానని భయం, వయసు మీరుతోందని భయం, నా వెనక చెల్లెలుందని భయం. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ జవాబును మాత్రం నేనింకా దాటలేకపోతున్నాను.

చట్టం రాసినవాళ్లు కూతురినే ఎందుకు ఎంచుకున్నారా అని ఈ మధ్య మళ్లీ ఆలోచించాను. ప్రేమ వల్ల అని మొదట్లో అనుకునేదాన్ని. ప్రేమ కాదు. తండ్రికి తెలుసు, కూతురికి తెలియదు. పైగా ఆమె ఆయన్ను నమ్మే స్థితిలో ఉంది. నమ్మకపోవడానికి ఆమెకు వేరే ఆధారం లేదు. అదే చెప్పే బాధ్యతను పుట్టిస్తోంది. అలా చూస్తే సాగర్ ఆవిడ నాకు కూతురి వరసే అవుతుంది, వయసులో నాకంటే పదేళ్లే చిన్నయినా. ఇల్లో పొలమో అమ్మితే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం తెలిసీ చెప్పకపోవడం కుదరదు. భూమికి ఉన్న ఆ రక్షణ గుర్రానికీ పడవకూ లేదు. మగవాళ్ల ఆస్తి ఎక్కువగా భూమే కదా, అందుకేనేమో అని నాకొక దురనుమానం.

ఇక్కడ మా అమ్మమ్మ గురించి చెప్పాలి. మాది కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డు. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో పాత ఊరు పోయాక మా వాళ్లు పైకొచ్చి గుడిసెలేసుకున్నారు. తాతకు పుట్టి ఉండేది. ఎదురు బద్దలతో గుండ్రంగా గంపలాగా అల్లి, కింద గోతపట్టా కట్టి తారు పూస్తారే, అది. అందులో చేపలు పట్టేవాడు, మనుషుల్నీ మేకల్నీ దాటించేవాడు. నాకు ఏడేళ్లున్నప్పుడు తాత పోయాడు. పుట్టి మీద తాత తమ్ముడి కన్ను పడింది. దినాలు కాకముందే అమ్మమ్మ దాన్ని అమ్మకానికి పెట్టింది. కొనొచ్చినాయన పుట్టిని ఎత్తి ఎండకు పట్టి, వెలుతురు ఎక్కడైనా దూరుతోందా అని చూశాడు. తారు మందంగా ఉంది, కనబడలేదు. అయినా అనుమానంగానే ఉన్నాడు. అమ్మమ్మ నన్ను రెక్కపట్టి పుట్టిలో కూర్చోబెట్టి, తానూ ఎక్కి, తెడ్డేసుకుంటూ నీళ్లలో పెద్ద చుట్టు తిరిగొచ్చింది. "నేనెక్కిన, నా మన్మరాలెక్కింది. ఇంకేం జూస్తవ్?" అంది. ఆయన మారు మాట్లాడకుండా డబ్బులిచ్చాడు.

చాలా ఏళ్లు ఈ కథ నాకు గొప్పగా ఉండేది. అమ్మే సరుకులో సొంత పిల్లను కూర్చోబెట్టడం, ఇంతకన్నా నిజాయితీ ఏముంటుంది? సిసెరోకు జవాబు మా అమ్మమ్మే అనుకునేదాన్ని.

2007 జనవరిలో సింగోటం జాతరకని అవతలి ఒడ్డు నెహ్రూనగర్ నుంచి జనం ఎక్కిన పడవ కృష్ణలో మునిగింది. 61 మంది చనిపోయారు. ఆ వారమంతా మా ఇళ్లలో అన్నం సహించలేదు. అమ్మమ్మకు అప్పటికి ఎనభై దాటాయి. పొయ్యి దగ్గర కూర్చుని ఎవరూ అడగకుండానే అంది: "ఆ పుట్టికి ఒకదిక్కు చిరుగుండె. నేను ఎదురుదిక్కు కూసున్న, నిన్ను నా ఒళ్లో పెట్టుకున్న. బరువంత ఇటుంటే అది పైకి లేస్తది, నీళ్లు రావు."

ఆ పుట్టి కొన్నాయన మునగలేదు. వారం తర్వాత చిరుగు కనిపెట్టి, తారు పూసుకుని, అమ్మమ్మను నాలుగు తిట్లు తిట్టి వాడుకున్నాడట. కానీ ఇరవై ఏళ్లకు పైగా ఆమె ఆ చిరుగును కడుపులో పెట్టుకుని తిరిగింది. నేను ఆమెను తప్పుపట్టగలనా? ఆ డబ్బు నాలుగు నెలల గింజలు. నిజం చెబితే పుట్టి అమ్ముడుపోదు, అమ్ముడుపోకపోతే మరిది పట్టుకుపోతాడు. ఆస్తి అడిగే హక్కు లేనిదానికి నిజం చెప్పే స్తోమత ఎక్కడిది? అయినా, కొన్నాయనకూ పిల్లలున్నారు. వాళ్లూ ఆ పుట్టి ఎక్కారు. అమ్మమ్మ పేదరికం వాళ్లను తేల్చదు. ఈ రెండింటిలో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలని మనకెవరు నేర్పారో! నాకు రెండూ నిజంగానే కనబడతాయి. సొంత బిడ్డను ఎక్కించి చూపడం కూడా ఏమీ రుజువు చేయదని మాత్రం ఆ పొయ్యి దగ్గర తెలిసొచ్చింది. ఎక్కడ కూర్చోవాలో అమ్మేవాళ్లకు తెలుసు.

అడ్వాన్సు వచ్చిన తొమ్మిదో రోజు సాగర్ ఆవిడకు ఫోన్ చేశాను. ఆ తొమ్మిది రోజులూ ఏం చేశానంటే, నా మీద నాకే అనుమానం తీర్చుకుంటూ కూర్చున్నాను. నిజం చెప్పాలనిపించడం నా ధర్మబుద్ధేనా, లేక చిన్నప్పటి నుంచి మనకు అలవాటు చేసిన ఒప్పుకోలా? ఎక్కడికెళ్లావ్, ఎవరితో మాట్లాడావ్, ఎందుకాలస్యమైంది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకోవాల్సింది మనమే. మా తమ్ముడు బండి లోపం చెప్పకపోతే వ్యాపారం తెలిసినవాడు. నేను చెప్పకపోతే తల్లినై ఉండి మోసం చేసినదాన్ని. ఈ తేడా చూశాక మొండితనం వచ్చేది. ఏం, నేనొక్కదాన్నే హరిశ్చంద్రుణ్ణి కావాలా? కానీ రాత్రి పడుకుంటే ఆ కిర్రుమనే చప్పుడే వినబడేది.

ఫోన్‌లో మొదటి నిమిషంలో మూడుసార్లు సారీ చెప్పాను. చీలిక సంగతి, బరువు సంగతి, చప్పుడు సంగతి అన్నీ చెప్పాను. అవతల నిశ్శబ్దం. ఆవిడ మెచ్చుకుంటుందని నేను లోలోపల ఆశపడ్డానని అప్పుడే తెలిసింది. ఆవిడ మెచ్చుకోలేదు. "ఇంకేం దాచిన్రు మేడమ్?" అంది. న్యాయమైన ప్రశ్న. ఇంకేం లేదన్నాను. ఇప్పుడా మాటకు విలువేముంది? కాసేపాగి, "అట్లయితే సగానికియ్యిన్రి" అంది.

నోటిదాకా వచ్చింది, సరే తీసుకోండి అని. తప్పు చేశాను కదా, తగ్గించుకోవాలి కదా. అక్కడ ఆగాను. ఆమెకు నేను బాకీ పడింది నిజం. తొమ్మిది రోజులు ఆలస్యంగానైనా ఆ బాకీ తీరుతోంది. దాని మీద వడ్డీగా పడవను కూడా ఇచ్చేయాలా? మనలో చాలామందిమి విడాకుల దగ్గర, వాటాల దగ్గర, జీతం మాట్లాడుకునే దగ్గర ఇలాగే చేస్తాం. నిజాయితీగా ఉండటమంటే తక్కువకు ఒప్పుకోవడమే అనుకుంటాం. సగానికి ఇవ్వనని చెప్పాను. గడ గుంత దగ్గర మళ్లీ గట్టిచేయించడానికి పదిహేను వేలు అవుతుంది, అది తగ్గిస్తాను, పనివాడి నంబరు ఇస్తాను, వద్దనుకుంటే అడ్వాన్సు ఇవాళే వెనక్కి పంపిస్తానన్నాను. ఈసారి సారీ అనలేదు. ఆలోచించుకుని చెబుతానంది. నాలుగు రోజులు ఫోన్ లేదు. తమ్ముడు "నేన్ చెప్పలే?" అన్నట్టు నవ్వుతూ తిరిగాడు. ఐదో రోజు, "మా పాప వినట్లేదు మేడమ్, ఆ ముందు రిపేర్ చేపిచ్చి తీస్కరండి" అంది.

డీసీఎంలో గడ్డి పరిచి, పాత దుప్పట్లు చుట్టి తీసుకెళ్లాం. మల్లేపల్లి దాటాక డ్రైవరు, అంత చిన్న పడవలో ఎన్ని చేపలు పడతాయని అడిగాడు. ఆడపిల్లలు పందేలు వేస్తారు అంటే, నీళ్ల మీద పందేలేంటని నమ్మలేదు. సాగర్ దగ్గర ఆవిడా, ఆమె కూతురూ ఒడ్డునే నిలబడి ఉన్నారు. రెండు జడల పిల్ల. పడవ దింపగానే అందులోకి ఎక్కి కూర్చుంది. మా అమ్మాయి తన బ్యాగులోంచి నల్ల మార్కర్ తీసి పడవలోకి వంగింది. ఆ నున్నటి తెల్లదనం మీద వేళ్లతో తడిమి తడిమి, చీలిక మొదలైన చోటు నుంచి ఆగిన చోటు వరకూ చుట్టూ గీత గీసింది. పక్కన గుద్దిన తేదీ, మొదటి రిపేరు తేదీ, రెండో రిపేరు తేదీ రాసింది. నాకు ప్రాణం చివుక్కుమంది. అంత తెల్లటి పడవ.

"ఇక్కడ ఎప్పుడూ చెయ్యి పెట్టి చూస్తుండాలి" అని ఆ పిల్లకు చెబుతోంది. "తడిగా తగిలితే నీళ్లలోకి పోవద్దు. కిర్రుమంటే గాలి వదిలేసి ఒడ్డుకు వచ్చేయ్."

"మీది అన్నప్పుడు మీరేం చేసిన్రు అక్కా?" అనడిగింది ఆ పిల్ల.

మా అమ్మాయి ఒకసారి నా వైపు చూసింది.

"నేను పోయిన. మా అమ్మకు చెప్పలే" అంది.